మార్చినవాళ్లే సర్దాలి: ఫ్రంటెండ్ యుటిలిటీ ప్యాకేజీలన్నీ ఒకే రిపోలో

(హైదరాబాద్‌లో ఫ్రంటెండ్ డెవలపర్ల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట తీరు అలాగే ఉంచాం. తెర మీద చూపించిన కోడ్‌ను మాత్రం మాటల్లోకి మార్చాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

ముందు ఒక చిన్న ప్రశ్న. మీ కంపెనీలో రూపాయలకు కామాలు పెట్టే ఫంక్షన్లు ఎన్ని ఉన్నాయి? ఒక్కటే ఉందన్నవాళ్లు చెయ్యెత్తండి. ఇద్దరు. మీరిద్దరూ సోమవారం ఆఫీసుకెళ్లాక ఒకసారి వెతికి చూడండి. (నవ్వులు) ఒకటి లక్షల లెక్కన కామా పెడుతుంది, ఇంకోటి మిలియన్ల లెక్కన పెడుతుంది, మూడోది ఎవరో స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి తెచ్చిన రెగెక్స్. అది ఎలా పనిచేస్తుందో రాసినవాళ్లకీ గుర్తుండదు.

ఈరోజు నేను మాట్లాడేది ఇలాంటి చిల్లర కోడ్ గురించే. తేదీ చూపించేది, డబ్బు చూపించేది, పొడుగు పేరును కత్తిరించేది, ఫోన్ నంబర్ సరిచూసేది. ఇవన్నీ వేర్వేరు ప్యాకేజీలుగా, వేర్వేరు రిపోల్లో, అంటే కోడ్‌నీ దాని చరిత్రనీ దాచే చోట్లలో, ఉంటే ఏమవుతుంది, ఒకే రిపోలోకి తెస్తే ఏం మారుతుంది అన్నదే విషయం.

చిన్న కోడే కదా, దీనికింత చర్చ ఎందుకని అనిపించొచ్చు. 2016 మార్చి 22న లెఫ్ట్‌ప్యాడ్ అనే ప్యాకేజీని దాని రచయిత, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు అందరూ తెచ్చుకునే ఎన్‌పీఎం నుంచి తీసేశారు. అందులో ఉన్నది 11 లైన్లు. ఒక స్ట్రింగ్‌కి ఎడమవైపు ఖాళీలు చేర్చడమే దాని పని. అది మాయమయ్యేసరికి, కొత్త జావాస్క్రిప్ట్‌ని పాత బ్రౌజర్లకి సరిపోయేలా మార్చే బేబెల్ ఇన్‌స్టాల్ కాలేదు, దాని మీద ఆధారపడ్డ ప్రాజెక్టులు లెక్కలేనన్ని ఆగిపోయాయి. కొన్ని గంటల్లో ఎన్‌పీఎం వాళ్లే దాన్ని వెనక్కి తెచ్చిపెట్టారు. తర్వాత 2020 ఏప్రిల్ 25న ఈజ్‌ప్రామిస్ అనే ప్యాకేజీకి 2.2.0 వెర్షన్ వచ్చింది. అది ఒక వస్తువు ప్రామిసా, అంటే తర్వాత రాబోయే జవాబుకి పెట్టిన గుర్తా, కాదా అని చెప్పే ఒకే ఒక్క ఎక్స్‌ప్రెషన్. దాని కోడ్ మారలేదు. ప్యాకేజీ వివరాలుండే ప్యాకేజ్ జేసన్ ఫైల్‌లో ఎక్స్‌పోర్ట్స్ అనే ఫీల్డ్ కొత్తగా చేర్చారు, అది సరిగ్గా కుదరలేదు. రియాక్ట్ లైబ్రరీతో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టే టూల్ క్రియేట్ రియాక్ట్ యాప్ దాకా దెబ్బ తగిలింది. రెండు సందర్భాల్లోనూ బగ్ ఫంక్షన్ లోపల లేదు. దాన్ని బయటికి పంపే దారిలో ఉంది. యుటిలిటీ ప్యాకేజీల్లో కోడ్ రాయడం పది నిమిషాల పని. అది పదిమందికి చేరేదాకా జరిగేదే అసలు పని.

ఇప్పుడు ఒక మార్పును దగ్గరనుంచి చూద్దాం. మా దగ్గర ట్రంకేట్ అనే ఫంక్షన్ ఉండేది. పేరు పొడుగైతే కోసేసి చివర మూడు చుక్కలు పెడుతుంది. లోపల స్ట్రింగ్‌ని లెక్క ప్రకారం కోసే స్లైస్ తప్ప ఇంకేం లేదు. ఇంగ్లిష్ పేర్లతో ఏళ్ల తరబడి హాయిగా నడిచింది. తెలుగు ఇంటర్‌ఫేస్ పెట్టిన రోజు తెర మీద "శ్రీకాకుళం జిల్…" అని వచ్చింది. (నవ్వులు) పరిమితి 15 అని పెట్టాం. "శ్రీకాకుళం జిల్లా"లో 15వ యూనిట్ సరిగ్గా పొల్లు దగ్గర పడింది. జావాస్క్రిప్ట్ లెక్కలో "శ్రీ" ఒక్కటే నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. లెంగ్త్ అడిగితే అక్షరాల సంఖ్య రాదు, ఈ ముక్కల సంఖ్య వస్తుంది.

దీనికి మందు జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న ఇంటిల్ సెగ్మెంటర్. గ్రాఫీమ్ ప్రకారం, అంటే చదివేవాళ్లకి ఒక అక్షరంగా కనిపించేదాని ప్రకారం, ముక్కలు చేయమంటే చేస్తుంది. మూడు లైన్ల మార్పు. ఆ మూడు లైన్లు ఎక్కడెక్కడ తిరగాలో చూడండి. ట్రంకేట్ ఉన్నది టెక్స్ట్ ప్యాకేజీలో. అది ఒక రిపో. దాన్ని వాడేది కాంపొనెంట్ల ప్యాకేజీ, టేబుల్ సెల్స్, చిప్స్ అన్నీ అందులోనే. అది ఇంకో రిపో. దాన్ని వాడేవి మూడు యాప్‌లు, వాటికి మూడు రిపోలు. టెక్స్ట్‌లో పీఆర్, అంటే ఈ మార్పు కలుపుకోండన్న అభ్యర్థన, పెట్టి, రివ్యూ అయ్యాక పబ్లిష్ చేయాలి. కాంపొనెంట్లలో వెర్షన్ పెంచి, పీఆర్ పెట్టి, మళ్లీ పబ్లిష్. తర్వాత మూడు యాప్‌లలో మూడు పీఆర్‌లు. పబ్లిష్ చేయకముందే యాప్‌లో ఎలా కనిపిస్తుందో చూడాలంటే, మన లాప్‌టాప్‌లోని ప్యాకేజీనే యాప్‌కి కలిపే ఎన్‌పీఎం లింక్ పెట్టాలి. కాంపొనెంట్ల ప్యాకేజీని లింక్ చేయగానే రియాక్ట్ రెండు కాపీలు లోడ్ అయి "ఇన్‌వ్యాలిడ్ హుక్ కాల్" అంటుంది. ఆ ఎర్రర్‌తో సాయంత్రాలు పోగొట్టుకున్నవాళ్లు ఈ గదిలో చాలామందే ఉంటారు.

చివరికి ఏమవుతుంది? ఒక యాప్ అప్‌డేట్ అవుతుంది. రెండోది "వచ్చే స్ప్రింట్‌లో" అంటుంది. మూడోది వెర్షన్‌ని పిన్ చేసి పెట్టుకుని ఉంటుంది, దాని జోలికి ఎవరూ వెళ్లరు. ఒకే జిల్లా పేరు మూడు యాప్‌లలో మూడు రకాలుగా కనిపిస్తుంది. ఎవరినీ తప్పు పట్టలేం కూడా.

నా అసలు పాయింట్ ఇక్కడుంది. వేర్వేరు రిపోల్లో ఉన్నప్పుడు, మార్పు చేసినవాడి పని పబ్లిష్ బటన్ దగ్గర ముగుస్తుంది. ఆ మార్పు ఖర్చు వాడుకునేవాళ్ల మీద పడుతుంది. అది కూడా నెలల తర్వాత, సందర్భం మర్చిపోయాక, పైగా వాళ్ల రిలీజ్ ముందురోజు. ఒకే రిపో అయితే మార్చినవాళ్లే అప్పటికప్పుడు, అదే పీఆర్‌లో, అన్నిచోట్లా సర్దాలి. ఏ యాప్ టెస్ట్ పగిలినా వాళ్ల కళ్లముందే పగులుతుంది. ఇలా అన్నీ ఒకే రిపోలో పెట్టడాన్నే మోనోరిపో అంటారు. అదంతా ఫోల్డర్ల సర్దుబాటు అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది ఖర్చు ఎవరు భరించాలన్న ఒప్పందం. ఆ ఒప్పందానికి మీ టీమ్ సిద్ధంగా లేకపోతే ఏ టూల్ తెచ్చినా లాభం లేదు.

ట్రంకేట్ సంగతి ఇంకాస్త ఉంది. కొత్త కోడ్‌కి టెస్ట్ రాశాక లాప్‌టాప్‌లో పాస్, ప్రతి మార్పునీ సర్వర్ మీద పరీక్షించే సీఐలో ఫెయిల్. లాప్‌టాప్‌లో "శ్రీకాకుళం జిల్లా" 7 ముక్కలు, సీఐలో 9. కారణం యూనికోడ్. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1లో ఒత్తుల నియమం మారింది. అంతకుముందు పొల్లు తర్వాత ముక్క తెగేది. "శ్" వేరు, "రీ" వేరు. కొత్త నియమంలో తెలుగు, దేవనాగరి, బెంగాలీ లాంటి లిపుల్లో సంయుక్తాక్షరం కలిసే ఉంటుంది. మీ నోడ్‌లో, అంటే బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్‌లో, ఏ యూనికోడ్ డేటా ఉంటే ఆ జవాబు వస్తుంది. వేర్వేరు రిపోల్లో ఒక్కో దానిది ఒక్కో నోడ్ వెర్షన్ కాబట్టి ఈ తేడా ప్రొడక్షన్ దాకా వెళ్లేది. ఒకే రిపోలో నోడ్ వెర్షన్ ఒక్కచోటే రాసుంటుంది, అందరికీ అదే. బ్రౌజర్ల గొడవ వేరే అనుకోండి. ఫైర్‌ఫాక్స్‌కి సెగ్మెంటర్ వచ్చిందే 2024 ఏప్రిల్‌లో, 125వ వెర్షన్‌లో. పాత ఫోన్లకి ఫాల్‌బ్యాక్ రాసుకోవాల్సిందే.

సరే, వైరింగ్, అంటే ప్యాకేజీలను ఒకదానికొకటి కలిపే సంగతికి వద్దాం. మోనోరిపో అనగానే అందరూ గూగుల్ పేరు చెప్తారు. 2016లో వాళ్ల ఇంజినీర్లు రాసిన వ్యాసంలోని లెక్కలు: దాదాపు 200 కోట్ల లైన్ల కోడ్, 86 టెరాబైట్లు. అవి వినడానికి బాగుంటాయి గానీ మనకు పనికిరావు. వాళ్లు పైపర్ అని సొంత వ్యవస్థ కట్టుకున్నారు. మనది మామూలు గిట్. మనం చూడాల్సింది వ్యూ అనే ఫ్రంటెండ్ ఫ్రేమ్‌వర్క్ రిపోని. అందులో ప్యాకేజెస్ అనే ఫోల్డర్ ఉంటుంది, దానిలో రియాక్టివిటీ, కంపైలర్, రన్‌టైమ్, వీటి పక్కనే షేర్డ్ అని ఒకటి. ఆ షేర్డే వాళ్ల యుటిలిటీ ప్యాకేజీ. క్యామెలైజ్, హైఫనేట్, ఈజ్ అరే లాంటివి అక్కడుంటాయి. అది ఎన్‌పీఎంలో పబ్లిష్ అవుతుంది, కానీ లోపలి వాడకానికే అని దాని రీడ్‌మీ చెప్తుంది. ఆ ఫోల్డర్ తెరిచి ఒక గంట చదవండి. నా ప్రసంగం కన్నా అది ఎక్కువ నేర్పుతుంది.

ఒకప్పుడు ఇదంతా చేయడానికి లెర్నా ఒక్కటే దిక్కు. బేబెల్ వాళ్లు తమ అవసరానికి రాసుకున్నది అది. 2017లో ఎన్‌పీఎం లాంటిదే అయిన యార్న్‌కి వర్క్‌స్పేసెస్, అంటే ఒకే రిపోలో చాలా ప్యాకేజీలు పెట్టుకునే సదుపాయం, వచ్చాయి, 2020లో ఎన్‌పీఎం 7తో అక్కడికీ వచ్చాయి. ఇప్పుడు నేను కొత్తగా మొదలుపెడితే అదే కోవలోని పీఎన్‌పీఎం తీసుకుంటాను. కారణం వేగం కాదు, క్రమశిక్షణ. ఎన్‌పీఎంలో డిపెండెన్సీలన్నీ పైన ఒకే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లోకి చేరతాయి. మీ తేదీల ప్యాకేజీ తన ప్యాకేజ్ జేసన్‌లో రాయని లైబ్రరీని కూడా ఇంపోర్ట్ చేసుకోగలదు, పక్క ప్యాకేజీ ఎవరో తెచ్చి పెట్టారు కాబట్టి. పక్కింటివాళ్ల వైఫై వాడుకున్నట్టు. వాళ్లు పాస్‌వర్డ్ మార్చేదాకా మనకి కనెక్షన్ లేదన్న సంగతే తెలియదు. మీ రిపోలో బ్రహ్మాండంగా నడుస్తుంది, బయటివాడు ఇన్‌స్టాల్ చేసుకుంటే మాడ్యూల్ దొరకలేదంటుంది. పీఎన్‌పీఎం ఒక్కో ప్యాకేజీకి అది అడిగినవే సిమ్‌లింక్ చేసి ఇస్తుంది. రాయనిది దొరకదు. మొదటి రెండు రోజులు ఎర్రర్లు వరసగా వస్తాయి, విసుగొస్తుంది. అవన్నీ ముందునుంచీ ఉన్న తప్పులే.

రిపో లోపల ప్యాకేజీలు ఒకదాన్నొకటి ఎలా పిలుచుకోవాలి? వెర్షన్ నంబర్ బదులు "వర్క్‌స్పేస్ కోలన్ స్టార్" అని రాస్తాం. అంటే ప్యాకేజీలుండే ఎన్‌పీఎం రిజిస్ట్రీకి వెళ్లొద్దు, పక్కనున్న ఫోల్డరే తీసుకో అని. పబ్లిష్ చేసేటప్పుడు పీఎన్‌పీఎం దాన్ని అసలు నంబర్‌గా మారుస్తుంది. స్టార్ పెడితే కచ్చితమైన నంబర్, క్యారెట్ (^) పెడితే క్యారెట్‌తో నంబర్, అంటే దానికి సరిపడే కొత్త వెర్షన్లూ చెల్లుతాయి. ఇక్కడొక గుంట ఉంది, తెలిసినవాళ్లు కూడా పడతారు. పాత అలవాటుగా సీఐ స్క్రిప్ట్‌లో "ఎన్‌పీఎం పబ్లిష్" అని ఉండిపోతే, ఆ మార్పిడి జరగదు. "వర్క్‌స్పేస్ కోలన్ స్టార్" అన్న మాటే రిజిస్ట్రీకి వెళ్లి కూర్చుంటుంది. పబ్లిష్ ఆకుపచ్చ టిక్కుతో పూర్తవుతుంది. ఇన్‌స్టాల్ చేసుకున్నవాడికి మాత్రం ఈ ప్రోటోకాల్ నాకు తెలియదని ఎర్రర్ వస్తుంది. ఆ నంబర్‌ని మళ్లీ వాడటం కూడా కుదరదు. అన్‌పబ్లిష్ చేసినా ఎన్‌పీఎంలో అదే వెర్షన్‌తో ఇంకోసారి పంపనివ్వరు. కొత్త నంబర్‌తో పంపాల్సిందే. అందుకే పబ్లిష్‌కి ముందు పీఎన్‌పీఎం ప్యాక్ కొట్టి, వచ్చిన టార్ ఫైల్‌ని విప్పి, లోపలి ప్యాకేజ్ జేసన్‌ని ఒకసారి కళ్లతో చూడండి. స్కోప్ ఉన్న, అంటే పేరు ముందు @ గుర్తుతో సంస్థ పేరున్న, ప్యాకేజీని మొదటిసారి పబ్లిష్ చేసేటప్పుడు యాక్సెస్ పబ్లిక్ అని రాయకపోతే 402 ఎర్రర్ వస్తుంది, డబ్బు కట్టమని. కార్డ్ బయటికి తీయకండి. (నవ్వులు)

ఇప్పుడు అందరూ గొడవపడే ప్రశ్న. ఎన్ని ప్యాకేజీలు? ఫంక్షన్‌కి ఒకటా, అన్నీ కలిపి ఒకటా?

ఫంక్షన్‌కి ఒకటి అన్న దారిని లోడ్యాష్ అనే యుటిలిటీ లైబ్రరీ వాళ్లు నడిచి చూశారు. లోడ్యాష్ డాట్ డిబౌన్స్, లోడ్యాష్ డాట్ మెర్జ్ అని విడి ప్యాకేజీలు ఇచ్చారు. బండిల్, అంటే బ్రౌజర్‌కి పంపే కోడ్ మూట, తగ్గుతుందని అందరూ వాడారు. తీరా చూస్తే ఒక్కో విడి ప్యాకేజీ తనకు కావాల్సిన లోపలి కోడ్ మొత్తాన్ని తనలోనే మోస్తుంది. అలాంటివి పది పెట్టుకుంటే ఆ కోడ్ పదిసార్లు వస్తుంది. చివరికి విడి ప్యాకేజీలు వాడొద్దని లోడ్యాష్ డాక్యుమెంటేషన్‌లోనే రాశారు.

అన్నీ కలిపి ఒకటి అంటే అది యుటిల్స్ అనే ప్యాకేజీ అవుతుంది. మా దగ్గర ఆ పేరు నిషేధం. హెల్పర్స్, కామన్ కూడా అంతే. పేరులో అర్థం లేకపోతే లోపలికి ఏది వద్దో చెప్పే హక్కు ఎవరికీ ఉండదు. ఒకడు బ్రౌజర్ కుకీల ఫంక్షన్ పెడతాడు, ఇంకొకడు రియాక్ట్ హుక్ పెడతాడు. తర్వాత సర్వర్ మీద నడిచే స్క్రిప్ట్‌కి తేదీ ఫార్మాట్ కావాలంటే రియాక్ట్ కూడా వెంటొస్తుంది.

నేను గీసే గీత ఇది: దేని మీద ఆధారపడుతుంది, ఎక్కడ నడుస్తుంది. దేని మీదా ఆధారపడకుండా ఎక్కడైనా నడిచే శుద్ధమైన ఫంక్షన్లు ఒక వైపు. డామ్, అంటే బ్రౌజర్‌లోని పేజీ, కావాల్సినవి ఇంకో వైపు. రియాక్ట్ కావాల్సినవి మూడో వైపు. మొదటి గుంపు ఎప్పుడూ మూడో గుంపుని ఇంపోర్ట్ చేయకూడదు. ఈ ఒక్క నియమం కోడ్‌లో తప్పులు పట్టే లింట్‌లో పెట్టి, తప్పితే బిల్డ్ ఆపేయండి. మా దగ్గర ఈ లెక్కన తేలినవి నాలుగైదు ప్యాకేజీలు. లోపల ఫంక్షన్లు ఎన్ని ఉన్నా బాధ లేదు. సైడ్ ఎఫెక్ట్స్ ఫాల్స్ అని రాస్తే బండ్లర్ వాడనివాటిని వదిలేస్తుంది. సీఎస్ఎస్ ఫైల్ ఉన్న ప్యాకేజీలో మాత్రం ఆ ఫాల్స్ గుడ్డిగా పెట్టకండి, మీ స్టైల్స్ కూడా వదిలేస్తుంది. ఇండెక్స్ ఫైల్‌లో ప్రపంచమంతా రీ ఎక్స్‌పోర్ట్ చేయడం కన్నా, ఎక్స్‌పోర్ట్స్ ఫీల్డ్‌లో విడివిడి దారులు ఇవ్వడం మేలు. ఒక్క ఫంక్షన్ కోసం టెస్ట్ రన్నర్ మొత్తం ప్యాకేజీని చదవాల్సిన పని ఉండదు.

ఇంకో మాట చెప్తాను, కొంతమందికి నచ్చదు. మీ యుటిలిటీలను వాడేవాళ్లందరూ అదే రిపోలో ఉంటే అసలు పబ్లిష్ ఎందుకు చేస్తున్నారు? వెర్షన్ నంబర్ ఎందుకు? ప్రైవేట్ ట్రూ అని పెట్టండి. ఎక్స్‌పోర్ట్స్‌ని నేరుగా టైప్‌స్క్రిప్ట్ సోర్స్ వైపు చూపించండి. యాప్ బండ్లరే దాన్ని కంపైల్ చేసుకుంటుంది. బిల్డ్ స్టెప్ పోయింది, వెర్షన్ల గొడవ పోయింది, చేంజ్‌లాగ్ పోయింది. బయటివాళ్లు వాడుతున్నారన్న ఊహతో సెమ్‌వర్ అనే వెర్షన్ నంబర్ల నియమానికి పూజ చేస్తున్న టీమ్‌లు నాకు చాలా తెలుసు. నిజంగా బయట వాడేవాళ్లున్న ప్యాకేజీలకే ఆ శ్రమ ఉంచండి.

ఆ బయటివాళ్లు ఉన్నప్పుడే మళ్లీ ఖర్చు చేయి మారుతుంది. రిపోలో ఉన్న యాప్‌లను మీరు సర్దగలరు, బయటివాళ్ల కోడ్‌ని సర్దలేరు. వాళ్లకి మీరివ్వగలిగింది నిజాయితీగల వెర్షన్ నంబర్ ఒక్కటే. దీనికి మేము వాడేది చేంజ్‌సెట్స్. అట్లాసియన్‌లో పుట్టిన టూల్. పీఆర్ పెట్టేవాళ్లే ఒక చిన్న మార్క్‌డౌన్ ఫైల్ రాస్తారు: ఏ ప్యాకేజీ మారింది, ప్యాచా (చిన్న దిద్దుబాటు), మైనరా (కొత్త సదుపాయం), మేజరా (పాత వాడకం పగిలే మార్పు), వాడేవాళ్లకి ఒక వాక్యం. రిలీజ్ రోజు అవన్నీ కలిపి నంబర్లు పెంచుతుంది. కమిట్ మెసేజ్ చూసి నంబర్ తేల్చే టూల్స్ కన్నా నాకిది ఇష్టం. రాత్రి ఏడింటికి "ఫిక్స్" అని కమిట్ కొట్టేవాడు ఆ మాట ఆలోచించి రాయడు, విడిగా ఫైల్ అడిగితే ఆలోచిస్తాడు.

చేంజ్‌సెట్స్‌తో అందరూ ఒకసారి ఉలిక్కిపడే చోటు పియర్ డిపెండెన్సీ, అంటే ప్యాకేజీ తనతో తేకుండా వాడేవాళ్లనే పెట్టుకోమనేది. మీ హుక్స్ ప్యాకేజీ, కోర్ ప్యాకేజీని పియర్‌గా అడుగుతోందనుకోండి. కోర్‌లో మీరు ఒక మైనర్ మార్పు చేశారు. రిలీజ్ పీఆర్ తెరిచి చూస్తే హుక్స్ ఏకంగా మేజర్ వెర్షన్‌కి దూకేసి ఉంటుంది. హుక్స్‌లో ఒక్క అక్షరం మారలేదు. అది బగ్ కాదు. పియర్ పరిధి మారితే వాడేవాళ్లకి ఇబ్బంది రావచ్చని టూల్ జాగ్రత్త పడుతుంది. పరిధి దాటినప్పుడే పెంచమని చెప్పే సెట్టింగ్ ఒకటుంది, ప్రయోగాత్మకం అన్న పేరుతో. దానికన్నా నా సలహా, రిపో లోపలి ప్యాకేజీల మధ్య పియర్ సంబంధం వీలైనంత తగ్గించండి. రియాక్ట్‌కి పియర్ తప్పదు. మీ సొంత స్ట్రింగ్ ఫంక్షన్లకి ఎందుకు?

నంబర్ సున్నాతో మొదలయ్యే ప్యాకేజీలది ఇంకో తమాషా. క్యారెట్ 0.2.3 అంటే 0.3.0 లోపే. 0.3.0 పంపితే పాతవాళ్లెవరికీ తనంతట తాను రాదు. "మైనరే కదా, అందరికీ చేరుంటుంది" అనుకుని కూర్చోకండి.

అన్ని ప్యాకేజీలకీ ఒకే నంబర్ పెట్టాలా, దేనిది దానికా? వ్యూ వాళ్లు అన్నిటికీ ఒకే నంబర్ పెట్టి, లోపల కచ్చితమైన వెర్షన్‌తో కట్టేస్తారు, ఎందుకంటే అవన్నీ కలిసి ఒక వస్తువు. మన యుటిలిటీలు అలా కాదు. తేదీల ప్యాకేజీ వాడేవాడికి ఫోన్ నంబర్ల ప్యాకేజీ మేజర్ మారిందన్న కబురు ఎందుకు? దేని నంబర్ దానికే ఉంచండి.

టాస్క్‌లు, క్యాష్ (చేసిన పని ఫలితాన్ని దాచుకోవడం) గురించి త్వరగా చెప్పేస్తాను. మోనోరిపోలో టాస్క్‌లు నడిపే టూల్ టర్బోరెపోలో బిల్డ్‌కి "క్యారెట్ బిల్డ్" అని రాస్తే, ముందు నా డిపెండెన్సీలను బిల్డ్ చెయ్, తర్వాత నన్ను అని అర్థం. ఒకసారి చేసిన పని మళ్లీ చేయదు. అయితే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటి మీ బిల్డ్‌ని మారుస్తూ ఉండి, దాన్ని కాన్ఫిగ్‌లో చెప్పకపోతే, స్టేజింగ్ యూఆర్‌ఎల్‌తో చేసిన బిల్డ్ ప్రొడక్షన్‌కి క్యాష్ నుంచి వచ్చేస్తుంది. 2024లో వచ్చిన టర్బోరెపో 2.0 నుంచి, చెప్పని వేరియబుల్స్‌ని టాస్క్‌కి కనిపించకుండా దాచేయడమే డిఫాల్ట్. మంచి పని చేశారు. సీఐలో "మారినవి మాత్రమే నడుపు" అని పెట్టుకుంటే ఇంకోటి గుర్తుంచుకోండి. గిట్‌హబ్ చెకౌట్ యాక్షన్ మామూలుగా ఆఖరి కమిట్ ఒక్కటే తెస్తుంది. పోల్చడానికి చరిత్రే లేకపోతే ఏది మారిందో దానికేం తెలుస్తుంది? ఫెచ్ డెప్త్ సున్నా పెట్టండి.

భద్రత కూడా ఇక్కడే చెప్పాలి. 2025 సెప్టెంబర్‌లో చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీల మెయింటెయినర్‌ని ఫిషింగ్ మెయిల్‌తో బుట్టలో వేసి, దొంగ కోడ్‌తో కొత్త వెర్షన్లు పంపారు. అవి కూడా చిన్నచిన్న యుటిలిటీలే. పాతిక రిపోలుంటే పాతిక చోట్ల పబ్లిష్ టోకెన్లు ఉంటాయి, ఎవరి లాప్‌టాప్‌లో ఏది ఉందో తెలియదు. ఒకే రిపో అయితే పబ్లిష్ చేసే చోటు ఒక్కటే. ఎన్‌పీఎంలో ఇప్పుడు ట్రస్టెడ్ పబ్లిషింగ్ ఉంది. దీర్ఘకాలం బతికే టోకెన్ లేకుండా, ఫలానా రిపోలోని ఫలానా వర్క్‌ఫ్లోనే పబ్లిష్ చేయగలదని చెప్పొచ్చు. పెట్టుకోండి. మనుషుల చేతుల్లోంచి పబ్లిష్ హక్కు తీసేయండి, మీది కూడా.

పాత రిపోలను తేవడం ఎలాగన్నది ఆఖరిది. చరిత్ర పారేయకండి, గిట్ ఫిల్టర్ రిపోతో ఒక్కోదాన్ని దాని సబ్ ఫోల్డర్‌లోకి మార్చి, తర్వాత కలపండి. ట్యాగుల సంగతి మర్చిపోకండి. ప్రతి రిపోలోనూ వీ 1.0.0 అన్న ట్యాగ్ ఉంటుంది, అన్నీ ఒకచోట చేరితే కొట్టుకుంటాయి. అదే కమాండ్‌లో ట్యాగ్‌కి ముందు ప్యాకేజీ పేరు చేర్చే ఆప్షన్ ఉంది. తెచ్చే వరుస కూడా ముఖ్యం. ముందు దేని మీదా ఆధారపడనివి, తర్వాత వాటిని వాడేవి, యాప్‌లు ఆఖర్న. పాత రిపోని ఆర్కైవ్ చేసి, రీడ్‌మీలో కొత్త చిరునామా రాయండి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత కూడా ఎవరో అక్కడ పీఆర్ పెడతారు.

నా వైపు నుంచి ఇంతే. ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, మాది ఆరుగురి టీమ్, రెండు యాప్‌లు. మాకు ఇదంతా అవసరమా?

రెండు యాప్‌లనీ ఒకే రిపోలో పెట్టండి, పీఎన్‌పీఎం వర్క్‌స్పేస్ ఫైల్ రాయండి, ఒకే ఒక్క ప్రైవేట్ ప్యాకేజీ పెట్టుకోండి. చేంజ్‌సెట్స్ వద్దు, టర్బో వద్దు, పబ్లిష్ వద్దు. సీఐ పది నిమిషాలు దాటి మీకు విసుగొచ్చినప్పుడు మిగతా వాటి గురించి ఆలోచించండి.

ప్రశ్న: మోనోరిపోకి టూల్ ఏది వాడాలి, ఎన్‌ఎక్సా, టర్బోరెపోనా?

ఇది అడగకుండా వదలరని తెలుసు. (నవ్వులు) ముందు రెండూ లేకుండా పీఎన్‌పీఎం ఫిల్టర్‌తో చూడండి. ప్యాకేజీ పేరుకి ముందు మూడు చుక్కలు పెడితే, ఆ ప్యాకేజీతో పాటు దాన్ని వాడేవన్నీ నడుస్తాయి. చాలామందికి అదే సరిపోతుంది. క్యాష్ కావాలనిపిస్తే టర్బో, చిన్నది, ఒక గంటలో పెట్టుకోవచ్చు. ఏ ప్యాకేజీ దేన్ని ఇంపోర్ట్ చేయొచ్చన్న కంచె, కొత్త ప్యాకేజీ తయారుచేసే జనరేటర్లు, ఇవన్నీ ఒకే చోట కావాలంటే ఎన్‌ఎక్స్. నేర్చుకోవడానికి కాస్త టైమ్ పడుతుంది. ఇప్పుడు లెర్నాని చూసుకుంటున్నదీ ఎన్‌ఎక్స్ వాళ్లే, 2022 నుంచి. లెర్నా మీద ఉన్నవాళ్లు భయపడి పారిపోనక్కర్లేదు.

ప్రశ్న: రియాక్ట్ వెర్షన్ ప్రతి ప్యాకేజీలో వేరేగా ఉంటోంది. ఒకచోట రాసే మార్గం ఉందా?

ఉందండి. పీఎన్‌పీఎం 9.5 నుంచి క్యాటలాగ్స్ వచ్చాయి. వర్క్‌స్పేస్ ఫైల్‌లో ఒక్కసారి వెర్షన్ రాసి, ప్యాకేజీల్లో "క్యాటలాగ్ కోలన్" అని రాస్తే చాలు. పబ్లిష్ అప్పుడు అదీ అసలు నంబర్‌గా మారుతుంది. ఇక్కడ కూడా పబ్లిష్ చేసేది పీఎన్‌పీఎం అయితేనే.

ప్రశ్న: మార్చినవాళ్లే సర్దాలన్నారు. ఒక యాప్ టీమ్ "మా కోడ్ ముట్టుకోవద్దు, మా రిలీజ్ ఉంది" అంటే ఏం చేయాలి? ఏ ఫోల్డర్‌కి ఎవరి అనుమతి కావాలో రాసే కోడ్ ఓనర్స్ వల్ల, వాళ్ల అనుమతి లేకుండా మెర్జ్ కాదు.

రోజూ జరిగేదే ఇది. కోడ్ ఓనర్స్ ఫైల్‌లో ఆఖరున సరిపోయిన లైనే చెల్లుతుంది. అందుకని వాళ్ల యాప్ ఫోల్డర్ లైన్ కింద ఉంటే, పైన మీరేం రాసుకున్నా వాళ్ల సంతకం కావాల్సిందే. అది ఉండాలి కూడా. అలాంటప్పుడు పాత ఫంక్షన్‌ని మార్చకండి. పక్కన కొత్త పేరుతో కొత్తది పెట్టండి. మా ట్రంకేట్ విషయంలో అలాగే చేశాం. పాతదానికి డిప్రికేటెడ్ అని జేఎస్ డాక్‌లో రాస్తే ఎడిటర్‌లో పేరు మీద అడ్డగీత పడుతుంది. కొత్తగా పాతదాన్ని ఇంపోర్ట్ చేస్తే లింట్ ఆపుతుంది, ఇప్పటికే ఉన్న చోట్లకి మినహాయింపు జాబితా ఉంటుంది. ఆ జాబితాలోకి కొత్త పేరు చేర్చాలంటే మా రివ్యూ కావాలి, తీసేయాలంటే ఎవరి రివ్యూ అక్కర్లేదు. పాత పిలుపులన్నిటినీ తనే మార్చే స్క్రిప్ట్, కోడ్‌మాడ్, మేమే రాసిచ్చాం, వాళ్ల రిలీజ్ అయ్యాక వాళ్లే నడుపుకున్నారు. జాబితా ఖాళీ అయిన రోజు పాత ఫంక్షన్ తీసేసే పీఆర్ కూడా మేమే పెట్టాం.